కసిమీరవ్వ నోరు విప్పిన రోజు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది ఏ కాలంలో జరిగిందో నాకు చెప్పినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటికి బస్సుల్లేవు, తారు రోడ్లు లేవు. కొండల మీద కంచరగాడిదలు నడిచే దారులు మాత్రం ఉండేవి. ఆ కొండలు మనవి కావు. సముద్రాలు దాటి వెళ్తే అర్జెంటీనా అని ఒక దేశం. దానికి ఉత్తరాన ఉన్న కొండలు.

అక్కడ రెండు దారులు విడిపోయే చోట ఒక రాతి గుడిసె ఉండేది. అందులో కసిమీర అనే ఆవిడ ఒంటరిగా ఉండేది. అక్కడివాళ్లు మర్యాదగా దోన్యా కసిమీర అనేవారు. మనమైతే కసిమీరవ్వ అంటాం. నేనూ అలాగే అంటాను.

అవ్వ దారిన పోయేవాళ్లకి వండిపెట్టేది. చలికాలంలో లోక్రో. తెల్ల మొక్కజొన్న గింజలు, గుమ్మడి ముక్కలు, చిక్కుడు గింజలు, ఎండుమాంసం కలిపి, గరిట నిలబడేంత చిక్కగా ఉడికించేది. వానాకాలంలో ఉమీత. లేత మొక్కజొన్న రుబ్బి, మధ్యలో జున్ను ముక్క పెట్టి, కండె మీది ఆకుల్లోనే చుట్టి ఉడకబెట్టేది. ఏ కాలమైనా ఎంపనాదలు ఉండేవి. మన కజ్జికాయ లేదూ, అదే ఆకారం. లోపల మాత్రం మాంసం, బంగాళాదుంప, జీలకర్ర. అంచు మడిచి మట్టి బట్టీలో కాల్చేది. తిన్నవాళ్లు ఉప్పుగడ్డో, గుప్పెడు గొర్రె ఉన్నో ఇచ్చేవారు. ఏమీ లేనివాళ్లు రెండు కట్టెలు కొట్టి పెట్టేవారు.

ఇంతలో ఎక్కడో యుద్ధం వచ్చింది. ఎవరి మీద ఎవరో అవ్వకి తెలీదు. గుర్రాల మీద సైనికులు వచ్చి, దారిలో కనబడ్డ మగవాళ్లని పట్టుకుపోయేవారు. పోయినవాళ్లు తిరిగి రాలేదు.

ఒక రోజు నికనోర్ అనే ఉప్పు మోసేవాడు వచ్చాడు. రెండు గిన్నెల లోక్రో తిన్నాడు. తినడానికి వచ్చే సైనికుల మాటల వల్ల, ఆ రోజు వాళ్లు కింది దారిలో పొంచి ఉన్నారని అవ్వకి తెలుసు. కానీ వాళ్ల సార్జంటు అక్కడే, బట్టీ పక్కనే కూర్చుని తింటున్నాడు.

"అవ్వా, కింది దారిన వెళ్తున్నా. ఏటి పక్కన గాడిదలకి గడ్డి దొరుకుతుంది" అన్నాడు నికనోర్.

అవ్వ గుండె దడదడలాడింది. చెయ్యి మాత్రం ఆగలేదు. గరిట తిప్పుతూనే ఉంది. నోరు విప్పలేదు.

నికనోర్ వెళ్లాడు. మరి రాలేదు.

నెల తర్వాత అతని భార్య వచ్చింది. పేరు రెస్తితూత. కాళ్లు పగిలి నెత్తురు కారుతోంది.

"మా ఆయన ఇటు వచ్చాడా అవ్వా?"

"వచ్చాడమ్మా. తిన్నాడు."

"ఏ దారిన వెళ్లాడు?"

"కింది దారిన."

"అక్కడ సైనికులున్నారని నీకు తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. కాదనేవాళ్లు లేరు. అవ్వ తల దించుకుని, "తెలుసు" అంది.

రెస్తితూత అరవలేదు, తిట్టలేదు. పెట్టిన గిన్నె ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయింది. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. మూడు రోజులు అవ్వ పొయ్యి వెలిగించలేదు. వెలిగించిన రోజున ఒక పద్ధతి పెట్టుకుంది.

ఎంపనాద అంచు తాడులా మెలితిప్పితే, కింది దారి మంచిదని. వేలితో చదునుగా నొక్కితే, పై దారిన పొమ్మని. ఈ సంగతి ఒక ఉప్పువాడికి చెప్పింది. వాడు ఇంకొకడికి చెప్పాడు. సైనికులు బట్టీ పక్కనే కూర్చున్నా, అవ్వ పెదవి కదపకుండా దారి చెప్పేది. ప్రతిసారీ గుండె దడదడలాడేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు.

అలా ఒక చలికాలం గడిచింది. రెండో చలికాలం గడిచింది. మూడోది వచ్చేసరికి సార్జంటుకి అనుమానం వచ్చింది. అతని చేతికి ఒక్కడూ చిక్కడం లేదు. ఒక పూటంతా కూర్చుని, తినేవాళ్లనే చూశాడు.

"వీళ్లంతా కొరికే ముందు బొటనవేలితో అంచు తడుముతున్నారేం?"

"కాలుతుందేమోనని చూస్తారయ్యా."

సార్జంటు రెండు ఎంపనాదలు తీసుకుని పక్కపక్కన పెట్టాడు. ఒకటి నిన్నటిది, మెలికలది. ఒకటి ఇవాళ్టిది, చదునుది. చాలాసేపు చూశాడు. నిన్న తన మనుషులు ఎక్కడున్నారో, ఇవాళ ఎక్కడున్నారో అతనికి తెలుసు కదా. నవ్వాడు.

"ముసలిదానా, ఎవరో ముగ్గురు వస్తున్నారు. దుమ్ము కనబడుతోంది. నా మనుషులు కింది దారిలోనే ఉంటారు. నువ్వు మాత్రం మెలికలు తిప్పు. నా ముందే తిప్పు."

అవ్వ పిండి ముద్ద తీసుకుంది. మొదటిది మెలితిప్పింది. రెండోది మెలితిప్పింది. మూడోది మెలితిప్పింది. బట్టీలో పెట్టింది. అవి కాలుతుంటే జీలకర్ర వాసన ఎప్పటిలాగే కమ్మగా వచ్చింది.

ముగ్గురూ వచ్చారు. అన్నదమ్ములు. పెద్దవాడికి గడ్డం నెరిసింది. చిన్నవాడికి ఇంకా రాలేదు.

"ఆకలేస్తోంది అవ్వా" అన్నాడు చిన్నవాడు.

సార్జంటు కత్తితో గోరు గీక్కుంటూ చూస్తున్నాడు. అవ్వ మొదటిది పెద్దవాడికి ఇచ్చింది. రెండోది నడిమివాడికి ఇచ్చింది. మూడోది చిన్నవాడికి ఇవ్వబోయింది. వాడు నమ్మకంగా బొటనవేలు చాపాడు.

అవ్వ గుండె దడదడలాడింది. ఈసారి చెయ్యి ఆగింది.

"తడమొద్దు నాయనా!" అని గట్టిగా అరిచింది. "నా చెయ్యి అబద్ధం చెప్పింది. కింద సైనికులున్నారు! పై దారిన పొండి! పొండి!"

అన్నదమ్ములు ఉప్పు మూటలు అక్కడే వదిలేసి గాడిదలెక్కారు. సార్జంటు గుర్రం వైపు పరుగెత్తాడు. అవ్వ కళ్లేనికి రెండు చేతులా వేలాడింది. అతను తన్నాడు, వదల్లేదు. కత్తి పిడితో వేళ్ల మీద కొట్టాడు, వదల్లేదు. వదిలేసరికి ఆ ముగ్గురూ కొండ మలుపు దాటేశారు.

సైనికులు బట్టీ కూలగొట్టి అవ్వని తీసుకుపోయారు. ఆమెని ఏట్లో తోశారని కొందరంటారు. పట్నం జైల్లో జ్వరంతో పోయిందని కొందరంటారు. దారిలోనే కూలబడి, మళ్లీ లేవలేదని ఇంకొందరంటారు. ఎవరూ చూడలేదు. సమాధి లేదు.

మంచు కరిగాక అన్నదమ్ములు తిరిగొచ్చారు. అప్పటికే అక్కడ ఒక ఆడమనిషి మట్టి తొక్కుతోంది. రెస్తితూత. ఆమెకి కబురు అందింది.

"మా ఆయన్ని చెప్పక పోగొట్టింది. మిమ్మల్ని చెప్పి బతికించింది. రెండూ ఆవిడే" అంది. ముగ్గురూ చెప్పులు విడిచి, ఆమెతో పాటు మట్టి తొక్కారు. కొత్త బట్టీ లేచింది. మొదటి వాయి దింపినప్పుడు రెస్తితూత, తినేవాళ్లు చెయ్యి చాపకముందే, ముందున్న దారి ఎలా ఉందో అందరికీ వినబడేలా చెప్పింది.

ఆ లోయలో ఇప్పటికీ అంతేనంట. దూరదేశాల నుంచి రుచులు వెతుక్కుంటూ జనం బస్సుల్లో దిగుతారు. లోక్రో అడుగుతారు, ఉమీత అడుగుతారు, ఎంపనాదలు అడుగుతారు. వండే ఆవిడ పళ్లెం చేతిలో పట్టుకునే ఉంటుంది.

"ముందు దారి విను. ఏరు పొంగింది, వంతెన వైపు పోవద్దు. మలుపు దగ్గర రాళ్లు జారుతున్నాయి. పైన పొగమంచు ఉంది, మెల్లగా పో."

"సరే సరే, తెలుసు" అని తొందరపడేవాళ్లకి పెట్టదు. మళ్లీ మొదటి నుంచి చెబుతుంది.

విన్నాకే పళ్లెం.