పదిహేడో గొంతు

పదహారు మంది పాడుతున్నారు. క్రిసాంతోకి పదిహేడు గొంతులు వినిపిస్తున్నాయి.

పాట నడుస్తున్నంతసేపూ తేడా తెలియదు. ఆఖర్న అతను చెయ్యెత్తి పిడికిలి బిగిస్తాడు. పదహారు నోళ్లూ ఠక్కున మూతపడతాయి. అప్పుడు ఇంకెవరిదో గొంతు ఒక్కటే కాసేపు సాగి, చర్చి రాతిగోడల్లోకి ఇంకిపోతుంది.

ఫిలిప్పీన్స్‌లో, పనాయ్ దీవిలో ఓ చిన్న ఊరి చర్చి బృందం అది. క్రిసాంతో అక్కడే పాడటం నేర్చుకున్నాడు. తర్వాత మనీలా వెళ్లాడు, విదేశాలు వెళ్లాడు, పెద్ద పెద్ద బృందాల ముందు నిలబడి చెయ్యి ఊపుతూ పాట నడిపించి బహుమతులు తెచ్చుకున్నాడు. తిరిగొచ్చాక ముసలి గురువు ఫెలిసిదాద్ బృందాన్ని అతని చేతిలో పెట్టింది. ఆవిణ్ణి అందరూ మాయెస్త్రా అంటారు.

మూడు వారాల్లో ఆస్ట్రియాలో పోటీ. బహుమతులు గెలిచిన మగాడికి తప్పు తనవైపు ఉందేమోనన్న అనుమానం కలలో కూడా రాదు కదా. దొంగ ఎవరో వెతకడం మొదలెట్టాడు.

ఒక్కొక్కరినీ విడిగా పాడించాడు. అందరూ పిడికిలితోపాటే ఆగారు. నలుగురు చొప్పున పాడించాడు. ఆగారు. పదహారు మందీ కలిస్తేనే ఆ గొంతు వస్తోంది. పైగా పాడేవాళ్లెవరూ దానికి భయపడటం లేదు. పాటకి ముందు "తాబి, తాబి" అని గొణుక్కుంటారు, అంతే. కంటికి కనబడనివాళ్లని కాస్త పక్కకి జరగమని మర్యాదగా అడిగే మాట అది.

చివరికి నేరం లూసింగ్ మీద పడింది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. బృందంలో అందరికన్నా పెద్దది. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. మేనకోడలు పంపిన ఉన్నికోటు తొడుక్కుని, ఆ ఉక్కలోనే సాధనకి వచ్చేది, అందులో ఊపిరి ఎలా ఆడుతుందో చూసుకోవాలని.

"మనాంగ్," అన్నాడు. అక్కడ పెద్దక్కల్ని అలాగే పిలుస్తారు. "మీకు ఆగడం చేతకావడం లేదు. మీరు పోటీకి రావద్దు."

"నేను ఆగాను సర్."

"మరి ఆ గొంతెవరిది?"

లూసింగ్ అతని మొహంలోకి చూసింది.

"ఆ గొంతు పక్కన ఆరేళ్లు కూర్చుని పాడాను. నాకు తెలీకపోవడమేంటి? అప్పట్నుంచీ అంతే, ఆగమంటే దానికి ఏడుపు."

"ఎవరిది? చచ్చిపోయినవాళ్లదా?"

"అది మీరే చెప్పాలి సర్."

ఆ మిట్టమధ్యాహ్నమే అతను మాయెస్త్రా ఇంటికి వెళ్లాడు.

మాయెస్త్రా పెరట్లో చేపలు ఎండబెడుతోంది. క్రిసాంతో అంతా చెప్పాడు. "లూసింగ్‌ని తీసేస్తున్నాను. ఆ గొంతుతో వెళితే నవ్వులపాలవుతాం."

ఆవిడ చేతులు కడుక్కుని చర్చికి నడిచింది. అందరినీ పిలిపించింది. ఓ కుర్చీ ఈడ్చుకొచ్చి లూసింగ్ పక్కన వేసింది.

"కూర్చో."

"నేనా? నేను నడిపించేవాణ్ణి."

"కూర్చోరా. పాడు."

"పాడి పదకొండేళ్లయింది మాయెస్త్రా."

"ఎన్నేళ్లని అడిగానా?"

ఎవరో నవ్వాపుకున్నారు. క్రిసాంతో చెవులు ఎర్రబడ్డాయి. కూర్చున్నాడు. లూసింగ్ తన పాటల పుస్తకం అతనివైపు జరిపింది.

మొదట తుప్పుపట్టిన గడియ తీసినట్టు గొంతు కిర్రుమంది. రెండో చరణానికి తెరుచుకుంది. అటుపైన ముందెవరున్నారో, ఎవరు వింటున్నారో అతనికి గుర్తులేదు.

మాయెస్త్రా పిడికిలి బిగించింది.

పదహారు నోళ్లూ మూతపడ్డాయి. ఒక్క గొంతు ఇంకా సాగుతోంది. అది ఎవరిదా అని విని, వినగానే గుర్తుపట్టి, క్రిసాంతో గబుక్కున తన నోరు మూసుకున్నాడు.

గోడల్లో ఏమీ మిగల్లేదు. అందరూ చెవులొగ్గి విన్నారు. బయట కాకి కూడా అరవలేదు.

"మనాంగ్," అన్నాడు తల ఎత్తకుండా. "మీరు పోటీకి వస్తారా?"

"మీరు పాడితే వస్తాను సర్."

క్రిసాంతో గోడలకేసి చూస్తూ గొణిగాడు. "ఆ గొంతు పోయింది మాయెస్త్రా."

"ఎక్కడికి పోతుందిరా?" అంది ఆవిడ. "నీ కుర్చీలో కూర్చుంది."