దొరగారి తలపాగా

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట ఈ కథ ఎవరికీ తెలియదు. అందుకే నేను చెబుతున్నాను.

ఒక సంస్థానాన్ని ఏలే వీరభూపతి దొరకు చెవుల పైన జుట్టు పలచబడసాగింది. తప్పంతా మంగలి సోమన్న కత్తిదేనని, ఆలుమగలిద్దర్నీ ఊరు విడిచి పొమ్మన్నాడు.

సోమన్న భార్య సిద్ధమ్మ దివాణానికి వచ్చి, వాకిట్లో కట్టేసిన ఎద్దును చూపింది.

"దొరా, దీని మెడ మీద వెంట్రుకలు ఎవరు గొరిగారు?"

"ఎద్దుకు మంగలెవడే? కాడి ఒరుసుకుని ఊడిపోయాయి."

"మరి తమ తలపాగా ఒరుసుకోదా?"

"గుర్రం దౌడు తీసినా అది కదలదు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా బిగించే ఉంచుతాను," అన్నాడు దొర మీసం దువ్వుతూ.

"ఎద్దుకైతే పొలం నుంచి రాగానే కాడి దించుతారు దొరా."

దొర ఎద్దు వంక చూశాడు. నవ్వు ఆపుకోలేక తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "సోమన్నను రేపు క్షవరానికి రమ్మను," అన్నాడు.

జుట్టు ఊడటానికి వేరే కారణాలూ ఉంటాయి, అవి వైద్యుణ్ణే అడగాలి. మీరు మాత్రం చెల్లికి జడ వదులుగా అల్లుతూ ఈ కథ చెప్పండి. రేపు అది ఇంకెవరికైనా జడ వేస్తూ చెబుతుంది.