గాట్లు పడిన పూస

జలాల్‌కు ఆ పూస నచ్చలేదు.

వజీరున్ ఇచ్చిన కొయ్యపూసలు ఏడు. పోయినేడు జ్వరంతో చనిపోయిన ఆమె కూతురి మెడలోవి. చేతికి కట్టుకునేలా గుచ్చిమ్మని సత్తార్ బాబా దగ్గరకు తెచ్చింది. తెగిన దండలు, ఖర్జూరపు గింజలు, పాత చొక్కా బొత్తాలు, ఎవరేం తెచ్చినా బాబా గుడిసెలో చేతిదండలవుతాయి. ఈసారి పని శిష్యుడైన జలాల్‌కు అప్పగించాడు.

అతను సొంతంగా చేస్తున్న మొదటి దండ. ఆరు పూసలు నున్నగా ఉన్నాయి. ఏడోది గాట్లు పడి, దండ మొత్తానికి దిష్టిబొమ్మలా కనిపించింది.

ఎండెక్కేలోపు వజీరున్ వస్తానంది. జలాల్ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ముడి జారుతుందేమో, దారం తెగుతుందేమో అని నాలుగుసార్లు లాగి చూసుకున్నాడు. చివరికి దండను బాబా చేతిలో పెట్టి, గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

బాబా కళ్ళు మూసుకుని ఒక్కో పూసా తడిమాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇది గంధపు చెక్క. వజీరున్‌దేనా?"

"కాదు బాబా. ఆమె ఇచ్చినదాని మీద గాట్లున్నాయి. మన పాత డబ్బాలోది వేశాను. దానికన్నా ఇదే మంచిది."

"ఏం గాట్లు?"

"చిన్నవి బాబా, రెండు. ఏదో కొరికినట్టు..."

జలాల్ ముఖం పాలిపోయింది.

"అదెక్కడ?"

"ఊడ్చిన చెత్తలో. పొద్దున నిప్పు పెట్టేశాను."

బాబా దండ పక్కన పెట్టాడు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఇంకా పొగ వస్తున్న కుప్ప ముందు గొంతుక్కూర్చుని, డెబ్భై ఏళ్ళ చెయ్యి వేడి బూడిదలో పెట్టాడు. జలాల్ పరుగెత్తుకెళ్ళి పక్కన కూలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

ముందు వాకిట్లో తలుపు చప్పుడైంది. "బాబా!" అని వజీరున్ పిలుపు. వేళ్ళు కాలుతున్నా జలాల్ బూడిద కెలుకుతూనే ఉన్నాడు.

పూస దొరికింది. ఒక వైపు కమిలిపోయింది. రెండో వైపు గాట్లు అలాగే ఉన్నాయి.

జలాల్ ఆమె ఎదుటే కూర్చుని దారం తెంపి మళ్ళీ గుచ్చాడు. కాలిన వేళ్ళు మండి మూడుసార్లు దారం తప్పిపోయింది.

"పనికిరాదని నేనే పారేశానమ్మా. కాలింది కూడా," అన్నాడు తల ఎత్తకుండా.

వజీరున్ దండ అందుకుంది. బొటనవేలు పూసల మీదుగా పోయి, ఆ గాట్ల దగ్గర ఆగింది.

"పళ్ళొచ్చేటప్పుడు దీన్ని ఒకటే కొరికేది," అంది. నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె వెళ్ళాక జలాల్ అరచేయి విప్పాడు. తీసేసిన గంధపు పూస మిగిలింది.

"దీన్నేం చేయను బాబా?"

"భద్రంగా డబ్బాలో పెట్టు. అదీ ఎవరిదో, దాని కోసం ఇంకా ఎవరూ రాలేదు."