గంగరత్నం దురద, పేపరువాళ్ళ దారం

పరుపులు కుట్టే మావుళ్ళు ఇంట్లో ముగ్గురు. మావుళ్ళు, అతని పెళ్ళాం గంగరత్నం, తమ్ముడు అబ్బులు. దేవుడు తెలివి పంచడానికి బయల్దేరినప్పుడు ముందు తమ గుమ్మం దగ్గరే ఆగాడని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఊరికి వెళ్తే తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఆ తాళానికే తగిలించి పోయేవాళ్ళు. వచ్చినవాళ్ళు వెతుక్కోకూడదు కదా!

అలాంటి ఇంట్లో గంగరత్నానికి దురద పట్టుకుంది. చేతులకీ వీపుకీ ఒకటే దురద. గోకినచోట సన్నటి నూలుపోగుల్లాంటివి, నీలంవీ ఎర్రవీ, నాలుగైదు కనబడ్డాయి. అవి ఒంట్లోంచి వచ్చాయో, పరుపుల నుంచి అంటుకున్నాయో ఎవరికీ తెలీదు. ఆమెకు కావలసింది ఒక్కటే, దురద తగ్గాలి. నాలుగు నెలలుగా అన్నం కుదురుగా తిన్నది లేదు.

సంగతి విని ఒక విలేకరి వచ్చాడు. "అమ్మా, మీ గురించి నేను రాస్తాను" అన్నాడు.

ఇంకేముంది, గంగరత్నం రెండు చేతులూ చాపింది. "ముందు మోచేతి దగ్గర రాయి నాయనా. అక్కడే మంట."

"చేతికి కాదమ్మా, పేపర్లో రాస్తాను."

"పేపరుకు రాస్తే నాకు తగ్గుద్దా?"

"జిల్లా అంతా చదువుతారమ్మా."

"జిల్లా అంతా కలిసి తగ్గిస్తారన్నమాట" అని అబ్బులు వదినకు విడమరిచి చెప్పాడు.

మర్నాడు పేపర్లో పడింది: "మహిళ ఒంట్లోంచి బస్తాలకొద్దీ దారం!" అబ్బులు కూడబలుక్కుని చదివాడు. మావుళ్ళు పెళ్ళాం వైపు అనుమానంగా చూశాడు.

"నాకు నాలుగు పోగులే చూపించావు. మిగతా బస్తాలు ఏం చేశావే? పుట్టింటికి పంపావా?"

"ఒట్టు, పంపలేదండీ!"

"అయితే పేపరు అబద్ధమా?"

అంతే. పేపరు మాట పోకూడదని గంగరత్నం గోకింది. నెత్తురు వచ్చేదాకా గోకింది. అన్నదమ్ములిద్దరూ చెరో సూదీ పట్టుకుని, దారం రాగానే ఎక్కించుకోవడానికి చెరో పక్కన కూర్చున్నారు. మూడు రోజులు కూర్చున్నారు. వచ్చింది నెత్తురే.

అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చేతులు చూసింది. "ఇదేమిటో మాకే ఇంకా తేలలేదు. కొందరు రోగమంటారు, కొందరు కాదంటారు. దురద మాత్రం నిజం, ఈ పుళ్ళు నిజం. గోకొద్దు. ఈ మందు రోజూ రాయండి" అంది.

"అక్కర్లేదండీ, పేపరువాళ్ళు రాసేశారు" అన్నాడు మావుళ్ళు.

బయటికొచ్చాక అబ్బులు ఒకటే నవ్వు. "చూశావా అన్నాయ్! అంత చదువు చదివి తెలీదంటది. విలేకరికి పావుగంటలో తెలిసిపోయింది!" మందు ట్యూబు గూట్లోకి పోయింది.

రెండు రోజులకు టీవీలో ఒకాయన, గంగరత్నాన్ని ఎన్నడూ చూడనివాడు, బల్ల గుద్ది చెప్పాడు. "ఆమె ఒంటికి ఏ రోగమూ లేదు! రోగమంతా తలలో ఉంది!"

ఇంకేముంది! మంగలిని పిలిచి గంగరత్నానికి గుండు చేయించారు. ట్యూబు మొత్తం పిండి నెత్తికి పట్టించారు.

"దురద చేతులకండీ!" అని ఆమె ఏడ్చింది.

"నీకేం తెలుసే? ఆయన టీవీలోంచి చూసి చెబుతున్నాడు. నువ్వు ఊరికే ఆ ఒంటి లోపలుండి చెబుతున్నావు" అని మావుళ్ళు కసిరాడు.

ఆ గుండు చూసి విలేకరి మళ్ళీ రాశాడు: "వింత రోగం ముదిరింది, జుట్టంతా రాలింది!" దాంతో ఇరుగుపొరుగు ఆమెను కుళాయి దగ్గరికి రానివ్వడం మానేశారు. అది తెలిసి డాక్టరమ్మ మండిపడి పేపరుకు ఉత్తరం పంపింది. పేపరువాళ్ళు లోపలి పేజీలో, అగ్గిపెట్టెంత చోట వేశారు: "గంగరత్నం రోగం గురించి రాసినది వెనక్కి తీసుకుంటున్నాం."

అబ్బులు గంతేశాడు. "వదినా, నీ రోగం వెనక్కి తీసేసుకుంటున్నారంట!"

"ఆసుపత్రికి పోదామండీ" అంది గంగరత్నం మొగుడితో. "పుళ్ళు చీము పట్టాయి."

"ఊరికే తీసుకుంటామని వాళ్ళంటుంటే మళ్ళీ ఆసుపత్రేమిటే?"

అంతే. ముగ్గురూ పేపరు ఆఫీసుకు పోయారు. వెనక్కి తీసుకుంటామన్నారు కాబట్టి గంగరత్నాన్ని అటు తిప్పి, గుమ్మానికి వీపు పెట్టి నిలబెట్టారు. ఎండకు గుండు చుర్రుమంటోంది. లోపల్నుంచి ఒక్కరూ రాలేదు. ఆగలేక ఆమె చెయ్యి మోచేతి మీదికి పోయింది.

అబ్బులు చటుక్కున పట్టుకున్నాడు. "గోకమాకు వదినా! తీరా వచ్చి చూసి, మేమిచ్చిన రోగంలో కొంత తగ్గిందంటారు!"