భద్రప్ప మాటిచ్చిన వాగు

కొండ కింద పారే వాగుకు ఇవతలి అడవంతా భద్రప్ప అనే ఏనుగుది. దంతాలు రెండూ బారెడేసి ఉండేవి. అతను అడుగు తీసి అడుగు వేస్తే ఉడుతలు కొమ్మ మారేవి. అంత బలమున్నా తాను శాంతమూర్తినని అతనికి గట్టి నమ్మకం. కడుపునిండా తిని వెదురు పొదల నీడలో నిలబడినప్పుడు ఆ నమ్మకం మరీ గట్టిపడేది.

వాగుకు అవతల గడ్డిబీడులో కణుజులనే పెద్ద దుప్పులు మేసేవి. ఆ వేసవిలో కోరయ్య అనే అడవిపంది మందను వెంటేసుకుని ఆ బీడు మీద పడ్డాడు. గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగించాడు. అడ్డొచ్చిన వాళ్ళను కుమ్మాడు. కణుజుల పెద్ద సింగారమ్మ కుంటుకుంటూ వాగు దాటి భద్రప్ప దగ్గరికి వచ్చింది.

"దొరా, నిన్న నా చెల్లెలి బిడ్డను కోరతో చీల్చేశారు. మీరు ఒడ్డున నిలబడి ఒక్కసారి ఘీంకరిస్తే చాలు, వెనక్కి తగ్గుతారు."

భద్రప్ప నిట్టూర్చాడు. "ఎంత ఘోరం తల్లీ. వింటుంటేనే నాకు ముద్ద దిగడం లేదు," అంటూ ఇంకో వెదురు కొమ్మ నోట్లో పెట్టుకున్నాడు. "కానీ వాగు అవతలి గొడవల్లో మేం తొండం పెట్టం. తాతల నాటి నియమం. ఇరుపక్షాలూ సంయమనం పాటించాలని నా కోరిక."

"సంయమనం అంటే ఏంటి దొరా?"

"వాళ్ళు కుమ్మకూడదు, మీరు ఏడవకూడదు."

అతని వెనక పనసపళ్ళ కుప్ప ఉంది. పనసచెట్లున్నది అవతలి ఒడ్డునే. కోరయ్య మంద రోజూ ముట్టెలతో దొర్లించుకొచ్చి ఇస్తున్న పళ్ళవి. సింగారమ్మ వాటిని చూసింది. ఇంకేమీ అడక్కుండా వెనుదిరిగింది.

మర్నాడు కోరయ్య తరఫున మాణిక్యం అనే నక్క వచ్చాడు. వంగి వంగి దండాలు పెట్టాడు.

"మీ నియమం గురించి విన్నాం దొరవారూ. అడవిలో ఇంత పెద్దరికం ఇంకెవరికుంది? కాకపోతే కోరయ్య కాస్త భయస్తుడు. ఆ మాటేదో పదిమంది ముందు అనేస్తే అతని మనసు కుదుటపడుతుంది."

పెద్దరికం అనే మాట భద్రప్ప చెవుల్లో చాలాసేపు తిరిగింది. వెంటనే కుందేళ్ళనూ కోతులనూ ముళ్ళపందులనూ పిలిపించి, వాళ్ళందరి ముందు ప్రకటించాడు. "వాగుకు అవతల ఏం జరిగినా మేం కలగజేసుకోం."

"ఏం జరిగినా?" అన్నాడు మాణిక్యం వినయంగా.

"ఏం జరిగినా. వాగే మా హద్దు."

వారం తిరక్కుండా కోరయ్య మంద వాగు దాటి ఇవతలికి వచ్చింది. వాగు వంపుకూ కొండకూ మధ్య భద్రప్ప వెదురు తోపు ఉంది. ఆ తోపు వెనక, కొండ వైపున, వాగు వంపు ఈ చివర నుంచి ఆ చివరకు పందులు బారుగా కందకం తవ్వసాగాయి. ముళ్ళపంది ఒకడు పరిగెత్తుకొచ్చి చెబితే భద్రప్ప మాణిక్యాన్ని పిలిచి అడిగాడు.

"దుంపల కోసం దొరవారూ. పొట్టకూటి పని," అన్నాడు నక్క. ఆ పూట పనసపళ్ళు రెండు ఎక్కువ వచ్చాయి. భద్రప్ప మళ్ళీ అడగలేదు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. భద్రప్ప తన మందతో కొండ మీదికి పోయాడు. నాలుగు రోజుల తర్వాత దిగి వచ్చేసరికి దారికి అడ్డంగా ఎర్రనీళ్ళు ఉరకలేస్తున్నాయి. వరద కందకంలోకి తిరిగి, వాగు వెదురు తోపు వెనక నుంచి పారుతోంది. తోపు అవతలి ఒడ్డున ఉండిపోయింది. అందులో కోరయ్య పిల్లాపాపలతో లేత వెదురు కొమ్ములు నములుతున్నాడు.

భద్రప్ప నీళ్ళలోకి దిగాడు. కొత్త బురద కావడంతో పొట్ట వరకూ కూరుకుపోయాడు. మందంతా తోకా తొండం పట్టి లాగితే గానీ బయటపడలేదు. ఒళ్ళంతా బురదతో, తోపు అంచున నిలబడ్డ మాణిక్యం మీద అరిచాడు.

"అది నా తోపు."

"వాగుకు అవతల ఉంది దొరవారూ."

"వాగు మారింది."

"మీ మాట మారలేదు కదా," అన్నాడు నక్క అవతలి ఒడ్డు నుంచి. చెట్ల మీద కోతులూ చెట్ల కింద కుందేళ్ళూ భద్రప్ప ఏమంటాడోనని చూస్తున్నాయి. అతను తల తిప్పుకుని వెనక్కి మళ్ళాడు.

బీడు పోగొట్టుకుని ఇవతలికి చేరిన సింగారమ్మ రాళ్ళ మధ్య గడ్డిపరకలు ఏరుకుంటోంది. ఆమె మందలో సగం కూడా మిగల్లేదు. భద్రప్ప ఆమె దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ వాగులో గట్టినేల ఎక్కడుందో మీ వాళ్ళకు తెలుసంటారు. రేవు చూపించు. మీ బీడు కూడా తిరిగి ఇప్పిస్తాను."

"తెలిసిన రేవులన్నీ పై వంపులో ఉన్నాయి దొరా. వాటి మీద ఇప్పుడు కోరయ్య కాపలా. వాటి కోసం కొట్లాడి చచ్చినవాళ్ళే మా సగం మంది. వాళ్ళు ఉన్నప్పుడు వచ్చి ఉంటే చూపించేవాళ్ళు."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. భద్రప్ప కొండ ఎక్కి, ఎండుబెరడు చీల్చుకుని నమిలాడు. పనసపళ్ళు రావడం మానేశాయి. అతనితో ఇక పనేముందని కోరయ్య పంపుతాడు?

పొరుగువాణ్ణి దోచినవాడు పెట్టే పళ్ళు తిని ఊరుకున్నవాడికి, తన వంతు వచ్చేసరికి తోడు నిలిచేవాళ్ళు మిగలరు.