పన్నెండు దగ్గర ఆగిన బీరయ్య

తన చేలో నాలుగు పరకలు మేశాయని జగ్గారావు దొర బీరయ్య మేకలన్నిటినీ బందెలదొడ్డిలో పెట్టించాడు. పేకాటలో తనను గెలిస్తే విడిచిపెడతాడట, ఓడితే మేకలు దొరవే.

ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటితే ఓటమి, దాటకుండా ఎక్కువ తెస్తే గెలుపు. ముందు ఎదుటివాడు ఆడాలి. దొర మాత్రం పదిహేడు వచ్చేదాకా లాగాల్సిందే. అది ఆయన పెట్టిన షరతే.

బీరయ్య కాసేపు పక్కన నిలబడి చూశాడు. వచ్చినవాడల్లా ఇంకొక్క ముక్క, ఇంకొక్క ముక్క అని ఆశపడి, దొర చెయ్యి కదపకముందే ఇరవై ఒకటి దాటి మునిగిపోతున్నాడు.

బీరయ్య వంతు వచ్చింది. చేతిలో రెండు ముక్కలు కలిపి పన్నెండు. దొర ముందు తెరిచిన ముక్క ఆరు, ఇంకోటి మూసి ఉంది.

"నాకు చాలు దొరా."

దొర పగలబడి నవ్వాడు. "పన్నెండుకే చాలా? పిరికోడా!"

"మీరు కానియ్యుండ్రి."

దొర మూసిన ముక్క తిప్పితే పది. మొత్తం పదహారు. ఆగుదామంటే షరతు ఒప్పుకోదు. లాగితే తొమ్మిది పడింది, మొత్తం ఇరవై అయిదు.

దొర మొహం మాడిపోయింది. "పన్నెండుతోటి నన్నెట్ల గెలిచినవ్‌రా?"

బీరయ్య దొడ్డి తలుపు బార్లా తీశాడు.

"నేనెక్కడ గెలిచిన దొరా? మీరు ఓడిపోతుంటే అడ్డం రాలే, గంతే!"