చెంప మీద చెయ్యి

1987 ఆగస్టు 14, శుక్రవారం. విశాఖపట్నంలో పొద్దుటి నుంచి సన్నటి జల్లు. సముద్రం మీది గాలికి ఆసుపత్రి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. డాక్టర్ త్రినాథ్ స్కాన్ ఫిల్ము పట్టుకుని గురువుగారు డాక్టర్ జీవరత్నం గదిలోకి వచ్చాడు. ఫిల్ము శుభ్రంగా ఉంది, అతని మొహమే బాగాలేదు.

ఆ ఫిల్ము అతను సొంతంగా చేసిన మొదటి పెద్ద ఆపరేషన్‌ది. నూకరత్నం అనే బడి ఆయాకి చెవి వెనక, మెదడుని నొక్కుతూ నిమ్మకాయంత గడ్డ. ఈ డాక్టర్లు గడ్డల్ని కాయలతోనే ఎందుకు కొలుస్తారో వాళ్లకే తెలియాలి. ఉసిరికాయ, నిమ్మకాయ, బత్తాయి. బత్తాయి దాటితే మాట్లాడరు. సరే, అది క్యాన్సర్ కాదు. ఎక్కడికీ పాకదు గానీ, ఉన్నచోటే పెరిగి ప్రాణం తీస్తుంది. త్రినాథ్ దాన్ని రవ్వంత కూడా మిగల్చకుండా తీసేశాడు.

ఆమె బతికింది. నడుస్తోంది. కానీ మొహం కుడి సగం జారిపోయింది, ఆ కన్ను మూతపడదు. అతను వార్డుకి వెళితే కొంగు అడ్డం పెట్టుకుంటోంది.

"పూర్తిగా తీశాను సార్, మచ్చ కూడా లేదు. అయినా ఆవిడ నా వైపు చూడదు," అన్నాడు.

జీవరత్నం గారు ఫిల్ము అందుకోలేదు. ఆపరేషన్‌లో చెంప మీద చెయ్యి ఎవరు పెట్టారని అడిగారు.

నరం కదలికని కనిపెట్టే యంత్రాలు అప్పటికి ఆ ఆసుపత్రికి రాలేదు. మొహాన్ని కదిలించే నరం గడ్డ మీద తడి కాగితంలా పరుచుకుని ఉంటుంది. దాన్ని తాకితే చెంప అదురుతుంది. అందుకని జీవరత్నం గారి థియేటర్‌లో ఒకరు ఆకుపచ్చ గుడ్డల కింద చెయ్యి దూర్చి, రోగి చెంపకి అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. అదిరితే "కదిలింది" అనాలి. ఇరవై ఏళ్లుగా ఆ పని సిస్టర్ గ్రేసమ్మది.

త్రినాథ్ నసిగాడు. గ్రేసమ్మ మూడుసార్లు కదిలిందని చెప్పింది. మూడోసారి, ఇంక కొంచెమే ఉంది, చెయ్యి తీసెయ్యండి సిస్టర్ అన్నాడట.

గురువుగారు కోప్పడలేదు. సోమవారం కండక్టర్‌కి చేస్తున్నాం, రమ్మన్నారు.

కండక్టర్ అప్పలకొండది విజయనగరం బస్సు. అతనిదీ అదే రకం గడ్డ, ఇంకా పెద్దది. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ విజిల్ మెళ్లోనే ఉంది. జీవరత్నం గారు రోజూ వచ్చి ఒకసారి ఊదించేవారు. వార్డంతా ఉలిక్కిపడి, ఆనక నవ్వేది. ఆపరేషన్ పొద్దున అతను ఆ విజిల్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"బతికితే సాలదు బాబూ. ఇది పలకాల."

త్రినాథ్ చేతులు కడుక్కుని వచ్చేసరికి గురువుగారు స్టూలు చూపించారు. "ఇవాళ గ్రేసమ్మ గారికి సెలవు. నువ్వు కూర్చో."

జూనియర్లు చూస్తున్నారు. అతను కూర్చుని గుడ్డల కింద చెయ్యి పెట్టాడు.

మొదటి గంట అవమానం. రెండో గంట నడుం నొప్పి. ఆ తరవాత అరచేతి కింద వెచ్చటి చెంప తప్ప ఇంకేమీ లేదు. పొద్దున్న గీసిన గడ్డం మధ్యాహ్నం దాటేసరికి మళ్లీ గరుగ్గా తగలసాగింది. ఏడో గంటలో చెంప అదిరింది, నిద్రలో పసిపిల్ల పెదవి కదిలినట్టు.

"కదిలింది సార్."

గురువుగారు ఆగారు. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదిరింది, ఈసారి నీరసంగా.

"గోరంత పొర మిగిలింది," అన్నారాయన, మైక్రోస్కోపు నుంచి తల ఎత్తకుండానే. "తీయనా?"

త్రినాథ్ అరచేతిని ఇంకాస్త ఆనించాడు.

"వద్దు సార్. చాలు."

పనిముట్టు ట్రేలో పెట్టిన చప్పుడైంది.

నాలుగో రోజు అప్పలకొండ విజిల్ ఊదాడు. మొదటిసారి గాలి పెదవి పక్కనుంచి పోయింది. రెండోసారి వరండా అవతల ఆడవాళ్ల వార్డు దాకా వినబడింది.

త్రినాథ్ అప్పుడు ఆ వార్డులోనే, నూకరత్నం మంచం పక్కన నిలబడి ఉన్నాడు. "తప్పు నాదమ్మా. ఆగమంటే ఆగలేదు," అన్నాడు. ఆమె కొంగు దించి, మందు వేయించుకోడానికి ఆ కన్ను అతని వైపు తిప్పింది. అతనే రోజూ వేశాడు. గురువుగారు ఆమెదే వేరే నరం తెచ్చి అతికించాక, ఏడాదికి ఆ రెప్ప వాలింది. ఆమె మళ్లీ బడికి వెళ్లింది.

అప్పలకొండ ఏటా ఆగస్టులో స్కాన్‌కి వచ్చేవాడు, సంచీడు జీడిపప్పుతో. పొర అలాగే ఉండేది. తక్కిన రోజుల్లో అతని బస్సు ఆసుపత్రి గేటు దాటుతూ ఒక విజిల్ వేసేది. ఏ స్టాపూ లేదక్కడ.

జీవరత్నం గారు పోయాక విల్లు చదివారు. ఇల్లు మేనకోడలికి. పుస్తకాలు కాలేజీ లైబ్రరీకి. భూతద్దాల కళ్లజోడు ఆఖరి శిష్యురాలికి. ఆ స్టూలు గ్రేసమ్మకి, ఇకనైనా ఇంట్లో వేసుకుని తీరిగ్గా కూర్చోమని. త్రినాథ్ పేరు ఎక్కడా లేదు.

"అన్నేళ్లు వెంట తిరిగావు, నీకేమీ రాయలేదేమయ్యా?" అని అడిగారు తోటివాళ్లు.

త్రినాథ్ తన కుడి అరచేతిని ఒకసారి చూసుకుని, థియేటర్‌లోకి వెళ్లిపోయాడు.